దయ కోసం ఆడిన అబద్ధం



ఇతరుల మేలు కోరి అబద్ధమాడితే పాపమా? రైస్ బోవెన్ 2001లో వెలువరించిన 'మర్ఫీస్ లా' అనే అపరాధ పరిశోధన నవల మనలను ఇలా ప్రశ్నిస్తుంది.

కథాకాలం 1901. మానం కాపాడుకునే పెనుగులాటలో భూస్వామి కొడుకు మరణానికి కారణమైన మోలీ మర్ఫీ ఐర్లండు విడిచి పారిపోతుంది. లివర్‌పూల్‌లో ఆమెకు ఒక తల్లి తారసపడుతుంది. క్షయరోగం వల్ల ఆ తల్లికి అమెరికాలో ప్రవేశం లేదు. తన పేరుతో వెళ్లి, బిడ్డలిద్దరినీ న్యూయార్కులోని తండ్రికి అప్పగించమని మోలీని వేడుకుంటుంది. మోలీ ఒప్పుకుంటుంది. ఎల్లిస్ ద్వీపంలో హత్య జరిగి అనుమానం ఆమెపై పడుతుంది. మారుపేరుతో వచ్చినందున తన నిజం చెప్పుకోలేదు. హంతకుణ్ణి తానే వెదకవలసి వస్తుంది.

నిర్గమకాండములో మంత్రసానులు ఫరోతో బొంకి హెబ్రీయుల మగశిశువులను కాపాడారు. దేవుడు వారికి మేలు చేశాడు. ఆ బహుమానం వారి దయకేగాని అబద్ధానికి కాదని పునీత అగస్తీనువారు వివరించారు. పునీత తోమాసు అక్వినాసువారి బోధ కూడ అదే. మోలీ విషయమూ అంతే. బిడ్డలను తండ్రికి చేర్చడం ప్రేమ, మారుపేరు అబద్ధమే.

అయితే తీర్పు చెప్పేముందు, నిజం చెబితే తలుపు మూసేదెవరో కూడ ఆలోచించాలి. కొడుకు పరీక్ష తప్పిన సంగతిని, కోడలు తన జబ్బును దాచడానికి మన కోపమే కారణం కాదా? అబద్ధమాడరాదని పిల్లలకు నేర్పుదాం. నిజం చెప్పినవారిని అక్కున చేర్చుకోవడం మనం నేర్చుకుందాం.