పనస నీడన మే పుష్పం

రోహిణి కార్తె వచ్చిందంటే సీతంపేట కొండలు కూడా కాగిపోతాయి. 2022లో మన జిల్లా శ్రీకాకుళం నుంచి పార్వతీపురం మన్యానికి మారింది గానీ ఎండ తీరేమీ మారలేదు. గెడ్డలు సన్నబడి రాళ్లు తేలతాయి. చలమలో నీళ్లు ఊరేదాకా బిందె పక్కన పెట్టుకుని కూర్చోవాలి. జీడిపిక్కల పని అయిపోయింది, అనాస కోతలు ఇంకా ఊపందుకోలేదు. చేతిలో డబ్బు ఆడని రోజులు, ఒంట్లో ఓపిక లేని రోజులు.

ఇలాంటప్పుడు ఓసారి ఇంటి వెనక్కి వెళ్లి చూడండి. ఎండ తగిలేచోట వేసిన బంతి ఎప్పుడో మాడిపోయింది. మందారం ఆకులు వేలాడేసింది. మొదలంతా కాయలు పట్టుకుని నిలబడ్డ పనస చెట్టు కింద మాత్రం కనకాంబరం పూస్తూనే ఉంది. పచ్చటి కంకి, అడుగు నుంచి పైకి రోజుకు కొన్ని చొప్పున విచ్చుకుంటూ పోతుంది. వాసన లేదు, హడావిడి లేదు. దాని పక్కన, మొన్నటిదాకా ఒట్టి మట్టి ఉన్నచోట, ఊదారంగు చుక్కలున్న కాడ ఒకటి లేచి ఎర్రటి బంతిని నెత్తిన పెట్టుకుంది. మే పుష్పం.

దగ్గరికి వంగి చూడండి. దూరం నుంచి ఒక్క పువ్వులా కనిపించింది నిజానికి నూరు పువ్వుల గుత్తి, ఒక్కోసారి రెండు వందల దాకా ఉంటాయి. దారాల్లాంటి ఎర్రని రేకులు, వాటిని దాటి బయటికొచ్చిన కేసరాలు, ఒక్కో కేసరం కొసన పసుపు. ఈ దుంప పుట్టిల్లు ఆఫ్రికా. మన పెరళ్లకి ఎంత అలవాటు పడిందంటే ఇక్కడిదే అనుకుంటాం.

పువ్వు నిండుగా ఉంది గానీ ఆకు ఏది? చాలాసార్లు ఉండదు, ఉన్నా అప్పుడే ముక్కు బయటపెట్టి ఉంటుంది. చలికాలంలో దీని ఆకులన్నీ వాలి ఎండిపోతాయి. ఇక మొక్క పోయిందనే అనుకుంటాం. ఆ చోటే పొయ్యిబూడిద పోస్తాం, చీపురుతో ఊడుస్తాం, కోళ్లు గీకుతాయి. దుంప అడుగున ఊరుకుని ఉంటుంది. పోయిన వానాకాలం ఆకులు దాచిపెట్టిన తిండి దానికి ఉంది. మే నెలలో రెండు ఉరుముల వానలు పడేసరికి ఆ తిండి బలంతోనే లేస్తుంది.

మీరెలా ఉన్నారు? ఎవరైనా అడిగితే చెప్పే జవాబు వద్దు. నిన్న రాత్రి అందరూ పడుకున్నాక ఎలా ఉన్నారు? జూన్‌లో బడులు తెరుస్తారు, పిల్లలకి కొనాల్సినవి ఉన్నాయి. డ్వాక్రా వాయిదా ఉంది. విత్తనాలు తేవాలి. పనికని విశాఖపట్నమో చెన్నయో వెళ్లిన కొడుకు ఫోన్ చేసి చాలా రోజులైంది. ఒకటి సర్దుకున్నాం అనుకునేలోపు ఇంకొకటి. ఇక నావల్ల కాదు అని మనసులో ఎన్నిసార్లు అనుకున్నారో దేవుడికి తెలుసు. ఆయన ఆ మాటకి కోప్పడడు.

ఎలా చెప్పగలనంటే, ఏలీయా ప్రవక్తని కోప్పడలేదు కాబట్టి. రాజులు మొదటి గ్రంథం 19వ అధ్యాయం తీసి చూడండి. కర్మెలు కొండ మీద అంత గెలుపు చూసినవాడు, యెజెబెలు రాణి బెదిరించగానే ప్రాణం దక్కించుకోవడానికి అరణ్యంలోకి పారిపోయాడు. బదరీ చెట్టు కింద కూలబడి, చావు రమ్మని అడిగాడు. మనమైతే ఏం చేసేవాళ్లం? నీలాంటివాడు ఇలా మాట్లాడొచ్చా అని నాలుగు మాటలనేవాళ్లం. దేవుడు ఏమీ అనలేదు. ఆ నీడలోనే నిద్రపోనిచ్చాడు. దూతను పంపి తట్టి లేపించాడు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, తాగడానికి నీళ్లు తల దగ్గరే ఉన్నాయి. ఏలీయా తిన్నాడు, తాగాడు, మళ్లీ పడుకున్నాడు. మళ్లీ పడుకోనిచ్చాడు దేవుడు!

ఆ అధ్యాయంలో నాకు ఎంతో ఇష్టమైనది ఆ రెండో నిద్ర. ఉపవాసం గురించి మన సంఘాల్లో ఎన్నో ప్రసంగాలు వింటాం. అలిసినవాడికి దేవుడే తిండి పెట్టి పడుకోనిచ్చిన సంగతి మీద ఎన్ని విన్నాం? రెండోసారి లేపినప్పుడు కూడా ముందు తినమనే చెప్పించాడు, పోవాల్సిన దూరం ఎక్కువ కనుక. ఆ తిండి బలంతో అతను నలభై రోజులు నడిచి హోరేబు కొండకు చేరాడు. మాట్లాడాల్సినవన్నీ అక్కడ మాట్లాడుకున్నారు, అదీ మెల్లని స్వరంతో.

మిమ్మల్ని ఎవరూ గుర్తించడం లేదని, దేవుడు కూడా ఓ మూలకి నెట్టేశాడని అనిపిస్తోందా? పనస కింద దుంపని తవ్వి తీసుకెళ్లి వాకిట్లో, అందరికీ కనబడేలా ఎండలో పెట్టామనుకోండి. ఆకులు కమిలిపోతాయి. దానికి ఆ నీడే కావాలి. మీరు ఇప్పుడున్న చోటు ఎవరి కంటా పడకపోవచ్చు. మిమ్మల్ని చూసుకునేవాడి కన్ను అక్కడే ఉంది.

ఒక మాట మాత్రం చెప్పుకోవాలి. కొండ మీది ఊరికి రోడ్డు లేక రోగిని డోలీలో మోసుకు దిగడం, కావిడి మోసి భుజం కాయలు కాచినా సంతలో అనాసకి ధర పలకకపోవడం, ఇవేవీ దేవుడిచ్చిన నీడ కావు. వాటి కోసం నలుగురూ కలిసి ఐటీడీఏకి అర్జీ పట్టుకుని వెళ్లాల్సిందే. నమ్మకం ఉన్నవాడు నోరు మూసుకుని కూర్చోవాలని ఎవరైనా చెబితే నేను ఒప్పుకోను. ఏలీయా కూడా లేచి నడిచాడు.

ఇక దిగులు సంగతి. దుంప నాటినవాళ్లకి ఒక తొందర ఉంటుంది. ఉందా, కుళ్లిపోయిందా అని ఫిబ్రవరిలోనే మట్టి తీసి చూస్తారు. మళ్లీ కప్పుతారు, నాలుగు రోజులాగి మళ్లీ తీస్తారు. అలా కదిలిస్తే వేళ్లు తెగి ఆ ఏడు పూయకుండానే పోవచ్చు. రాత్రుళ్లు మనం చేసే పని కూడా అదే కదా? దేవుడి చేతిలో పెట్టామని ప్రార్థనలో అన్న సంగతినే అర్ధరాత్రి మళ్లీ తవ్వుతాం.

కొండ మీద కూర్చుని మాట్లాడిన రోజున యేసు ప్రభువు రేపటి దిగులు గురించి చెబుతూ పువ్వుల్నే చూపించాడు. మత్తయి 6లో ఉంది. వానలకి పూసి, ఎండలు ముదరగానే ఎండిపోయే పువ్వులు అవి. నాలుగు రోజులుండే వాటి అలంకారాన్ని కూడా ఆయన పట్టించుకున్నాడు.

కాబట్టి ఈ రోజుకి చిన్న పనులే పెట్టుకుందాం. మధ్యాహ్నం అందరికీ వడ్డించాక మిగిలింది తినడం కాకుండా, అందరితోపాటు కూర్చుని తినండి. తిన్నాక పనస కిందో, అరుగు మీదో కాసేపు నడుం వాల్చండి. అది బద్ధకం కాదు. బియ్యం కడిగిన నీళ్లు పారబోయకుండా కనకాంబరం మొదట్లో పోయండి.

సాయంత్రం ఇంకొకటి. నిరుడు ఇదే వేళకి కూడా ఏదో ఒక వాయిదా ఉండే ఉంటుంది. ఎలా గట్టెక్కారు? అప్పిచ్చి అడగని పక్కింటివాళ్లా, అనుకోకుండా దొరికిన పనా? దాన్ని గుర్తు తెచ్చుకుని పిల్లలకి చెప్పండి. నిరుటి వానలో దాచుకున్న తిండి మీకు కూడా ఉంది, ఎంతుందో లెక్క చూసుకోలేదంతే. తర్వాత కొడుక్కి మీరే ఫోన్ చెయ్యండి, తిన్నావా అని అడగండి.

పడుకునే ముందు ఇలా ప్రార్థించండి:

ప్రభువా, ఈ పూట అన్నం పెట్టావు, నీకు స్తోత్రం. దూరాన ఉన్న బిడ్డని చూసుకో. ఈ రోజు నీకు అప్పజెప్పినవాటిని రాత్రి మళ్లీ తవ్వకుండా నాకు సాయం చెయ్యి. నాకు నిద్ర వస్తోంది, పడుకుంటాను. వాయిదా సంగతి రేపు పొద్దున్న మాట్లాడుకుందాం. ఆమేన్.