మూలవిరాట్టు, అలంకారం, కొత్త కారు

పాలకొల్లులో కొత్త కారు కొన్న కుటుంబం బండిని ముందుగా క్షీరారామలింగేశ్వరస్వామి గుడి దగ్గరికి తీసుకెళ్తుంది. పసుపు, కుంకుమ, పూలదండ, కొబ్బరికాయ, చక్రాల కింద నిమ్మకాయలు. ఎక్కినవాళ్ళు క్షేమంగా వెళ్ళి క్షేమంగా రావాలన్నదే ఆ పూజలోని కోరిక. ఆ కోరికలో మనిషి చేతిలో ఉన్న భాగం మాత్రం అంతకు ముందే, షోరూమ్‌లో వేరియంట్ ఎంచుకున్న రోజునే తేలిపోతుంది. టాప్ మోడల్ తీసుకోవాలా, బేస్ మోడల్ తీసుకుని కావలసినవి బయట వేయించుకోవాలా అని ఇంటిల్లిపాదీ రోజుల తరబడి తర్జనభర్జన పడతారు. టాప్ మోడల్ అయితే ధరతో పాటు లైఫ్ ట్యాక్సూ ఇన్సూరెన్సూ పెరుగుతాయని, బయట వేయిస్తే సగానికి సగం మిగులుతుందని లెక్కలు వేస్తారు. లెక్కలు అవసరమే. కానీ ఇది ముందు ధర్మానికి సంబంధించిన ప్రశ్న, డబ్బు ప్రశ్న ఆ తర్వాతే అని నా నమ్మకం. వస్తువులో దేన్ని పుట్టుకతోనే సరిగ్గా ఉంచాలి, దేన్ని తర్వాత తీరిగ్గా చేర్చుకోవచ్చు అన్న విచక్షణ లేకుండా వేసే లెక్క ఎంత సరిగ్గా ఉన్నా తప్పు జవాబే ఇస్తుంది.

ఆ విచక్షణ మనకు కొత్తది కాదు. బండికి పూజ జరిగే ఆ గుడినే చూడండి. పంచారామాల్లో ఒకటైన ఈ క్షేత్రంలో దూరానికి ముందుగా కనిపించేది తొమ్మిది అంతస్తుల రాజగోపురం. ఎత్తు సుమారు 120 అడుగులు. గుడి చాళుక్యుల నాటిదని, గోపురం తర్వాతి శతాబ్దాల్లో రెడ్డిరాజుల కాలంలో చేరిందని చెబుతారు. గోపురం ఆలస్యంగా వచ్చిందని ఆ గుడి అంతకుముందు అసంపూర్ణంగా ఉన్నదని ఎవరూ అనరు. మండపాలు, ప్రాకారాలు, గోపురాలు ఏ కాలానికైనా దాత దొరికినప్పుడు చేర్చుకోవచ్చని ఆగమ సంప్రదాయం ఒప్పుకుంటుంది. గర్భాలయం విషయంలో అంత సడలింపు లేదు. అక్కడి కొలతలు, ప్రతిష్ఠ మొదటే శాస్త్రోక్తంగా జరగాలి. తర్వాత ఎప్పుడైనా అక్కడ మరమ్మతు చేయవలసి వస్తే ముందు బాలాలయం కట్టి, మూలమూర్తిలోని కళలను కలశంలోకి ఆవాహన చేసి, పని పూర్తయ్యాక మళ్ళీ ప్రతిష్ఠ జరిపించాలి. స్వామికి వేసే పూలదండను రోజూ మారుస్తారు, వెండి తొడుగును పండగకు తొడిగి మళ్ళీ తీస్తారు. మూలవిరాట్టు జోలికి వెళ్ళాలంటే మాత్రం ఇంత తంతు ఉంది. తర్వాత చేర్చదగినదేదో, మొదటే కుదరవలసినదేదో ఇంత స్పష్టంగా గీత గీసిన సంప్రదాయం మనది.

తార్కికులు ఇదే సంగతిని మరో దారిలో ఆలోచించారు. తెలుగువాడైన అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహంతో చదువు మొదలుపెట్టిన ఏ విద్యార్థికైనా రెండు సంబంధాలు తెలుసు. ఒకటి సంయోగం: విడివిడిగా ఉన్నవి వచ్చి తగులుకోవడం, మళ్ళీ విడిపోగలగడం. రెండోది సమవాయం: దారాలకూ బట్టకూ, వస్తువుకూ దాని గుణానికీ ఉన్నట్టు, విడదీస్తే ఒకటి నిలవని సంబంధం. కారులో పరిచిన మ్యాట్లు సంయోగం. కారుకున్న దృఢత్వం, గుద్దుకున్నప్పుడు ముందుభాగం నలిగి లోపలి మనిషిని కాపాడే తీరు, ఆ నలుగుడుకు తగ్గట్టు కుదిర్చిన సీటు బెల్టు, ఎయిర్‌బ్యాగు, ఇవి సమవాయానికి దగ్గరివి. మొదటి రకానిది ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది. రెండో రకానిది ఏ దుకాణంలోనూ దొరకదు.

ఇక్కడ బలమైన ఆక్షేపణ ఒకటుంది, దాన్ని తేలిగ్గా దాటకూడదు. ఫ్యాక్టరీలో మాత్రం జరిగేది బోల్టులు బిగించడమే కదా, అదీ సంయోగమే కదా, షోరూమ్ బిల్లు ఉన్నంత మాత్రాన అది సహజం, మెకానిక్ వేస్తే ఆగంతుకం ఎలా అవుతుంది అని అడగవచ్చు. ఈ ప్రశ్న వెనుక బౌద్ధుల ఆలోచన అంతా ఉంది. యవనరాజు మిలిందుడితో వాదిస్తూ భిక్షువు నాగసేనుడు తీసుకున్న ఉదాహరణ బండిదే. చక్రం రథమా, ఇరుసు రథమా, కాడి రథమా అని ఒక్కొక్కటీ తీసేసి, భాగాల కూర్పుకు వ్యవహారంలో పెట్టిన పేరే రథం తప్ప వేరే రథమంటూ లేదని తేల్చాడు. పంచారామాల్లో మరొకటైన అమరావతే బౌద్ధ మహాస్తూపానికీ నెలవు కాబట్టి ఈ వాదన మన నేలకు పరాయిది కాదు. సమవాయాన్ని శంకరులు కూడా బ్రహ్మసూత్ర భాష్యంలో ఖండించారు. అంచేత సమవాయం అనే పదార్థం నిజంగా ఉందని నేను పట్టుబట్టను. నాగసేనుడి మాటే తీసుకుందాం: బండి అంటే భాగాల కూర్పు. అయితే అన్ని కూర్పులూ ఒకటి కావు. గుద్దుకున్న తర్వాత ఎయిర్‌బ్యాగు విచ్చుకోవడానికి ఉన్న వ్యవధి సెకనులో దాదాపు ముప్పయ్యో వంతు. ఆ లోపల సెన్సారు దెబ్బను గుర్తించాలి, బెల్టు బిగుసుకోవాలి, సంచి నిండాలి. ఏ దెబ్బకు ఎప్పుడు విచ్చుకోవాలన్నది ఆ బండి ఇనుము నలిగే తీరును బట్టి, ఎన్నో బళ్ళను గోడకు గుద్దించి చూసి నిర్ణయిస్తారు. అంటే అక్కడ కూర్చింది భాగాలను మాత్రమే కాదు, వాటి మధ్య సమయాన్ని కూడా. వేరుగా కొని బిగించేదాంట్లో ఈ రెండోది ఉండదు. రథం వ్యవహారమాత్రమే అని ఒప్పుకున్నవాడికి కూడా, ఆ వ్యవహారంలోనే ప్రాణం నిలిపే కూర్పుకూ నిలపని కూర్పుకూ తేడా ఉంటుంది.

పైగా తర్వాత చేర్చినది ఒక్కోసారి మొదటిదాన్ని చెడగొడుతుంది. దీనికి దగ్గరగా చూడదగ్గ ఉదాహరణ సీటు కవరు. పక్క ఎయిర్‌బ్యాగు ఉన్న బండిలో ముందుసీటు వీపుభాగానికి తలుపు వైపు చిన్న చీటీ కుట్టి ఉంటుంది, ఎయిర్‌బ్యాగ్ అని. ఆ అంచు దగ్గర కుట్టు ఒత్తిడికి విడిపోయేలా ఉంటుంది, సంచి బయటికి రావలసింది అక్కడినుంచే. కొత్త సీటు మాసిపోతుందని దాని మీద మందపాటి రెగ్జిన్ కవరు బిగించి తొడిగితే ఆ దారి మూసుకుపోతుంది. డబ్బు పోసి కొన్న రక్షణను మనమే కట్టేసినట్టు. బంపరు ముందు బిగించే ఇనుప గార్డుదీ ఇదే కథ. నలగవలసిన చోట నలగకుండా అది దెబ్బను నేరుగా ఛాసీకి చేరవేస్తుంది, ఎదురుగా నడిచివెళ్ళే మనిషికి మెత్తటి బంపరు బదులు ఇనుపకడ్డీ తగులుతుంది. ఈ గార్డుల మీద చర్య తీసుకోమని కేంద్రం 2017 డిసెంబరులో రాష్ట్రాలకు చెప్పింది. నల్ల ఫిలిములను సుప్రీంకోర్టు 2012లోనే నిషేధించింది. ముందు, వెనుక అద్దాలు కనీసం 70 శాతం, పక్క అద్దాలు 50 శాతం వెలుతురును లోపలికి రానివ్వాలన్నది నియమం. తయారీదారు ఇచ్చిన మూలరూపం నుంచి బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. చట్టం ఇక్కడ ఆగమం లాగే మాట్లాడుతోంది.

మన గోదావరి డెల్టాలో ఈ సంగతికి ఇంకో ముఖం ఉంది. మన రోడ్లు చాలావరకు కాలవగట్లే. ఒక పక్క నీళ్ళు, మరోపక్క పల్లం, ఎదురుగా కొబ్బరికాయల లారీ, రొయ్యల మేత వేసుకుని వచ్చే వ్యాను, సైకిల్ మీద పిల్లలు. రాత్రిపూట ఎదుటివాడి కళ్ళు చెదిరితే అతను తప్పుకోవడానికి చోటు లేదు. మామూలు హెడ్‌లైట్ బల్బు 55, 60 వాట్లది ఉండే చోట 90, 100 వాట్లది వేయించుకోవడం మనకు దారి బాగా కనిపించడానికే కావచ్చు, ఆ సౌకర్యానికి మూల్యం చెల్లించేది ఎదురొచ్చేవాడు. అంత కరెంటుకు సరిపడని సన్నని తీగ వేడెక్కుతుంది. కంపెనీ కప్లర్‌కు సరిపోయే కిట్టు కాకుండా తీగ కోసి, మెలితిప్పి, టేపు చుట్టిన అతుకు అయితే ఉప్పుగాలికీ వానాకాలపు తేమకూ చిలుము పడుతుంది. బయట వేయించిన ఎలక్ట్రికల్ సామాను ఇన్సూరెన్స్‌లో విడిగా చూపించి అదనపు ప్రీమియం కట్టకపోతే, పాడైతే దానికి పరిహారం రాదు. ఆ సంగతి చాలామంది పట్టించుకోరు. నాకు ముఖ్యమనిపించేది డబ్బు నష్టం కాదు. బండిలో ఉన్న మన వాళ్ళతో పాటు, బండి బయట, మన ఎంపికలో ఏ పాత్రా లేని మనిషి ఒకడు ఉన్నాడు. బ్రేకులు, ఏబీఎస్, జారకుండా పట్టే స్టెబిలిటీ కంట్రోల్, సరైన దీపాలు అతనికి కూడా చెందుతాయి. అహింస ప్రయాణానికి వర్తిస్తుందనుకుంటే మొదట వర్తించేది ఇక్కడే.

అంటే టాప్ మోడలే కొనాలని చెబుతున్నానా? కాదు. టాప్ మోడల్‌లో అదనంగా వచ్చేవాటిలో ఎక్కువ భాగం అలంకారమే. అల్లాయ్ చక్రాలు, పెద్ద టచ్‌స్క్రీన్, రంగురంగుల లోపలి దీపాలు, సన్‌రూఫ్. ఏప్రిల్, మే నెలల కోస్తా ఎండలో సన్‌రూఫ్ తెరిచి వెళ్ళేవాళ్ళు ఎందరో చెప్పనక్కరలేదు. ముందు రెండు ఎయిర్‌బ్యాగులు 2022 జనవరి నుంచి అన్ని కార్లకూ తప్పనిసరి, ఏబీఎస్ 2019 నుంచే తప్పనిసరి. కాబట్టి మూలం కొంతవరకు బేస్ మోడల్‌లో కూడా ఉంది. 2023 అక్టోబరులో మొదలైన భారత్ ఎన్‌క్యాప్ పరీక్షల నక్షత్రాలు చూస్తే ఏ బండి ఎంత కాపాడుతుందో కొంత తెలుస్తుంది. అయితే పరీక్షించింది ఏ వేరియంట్‌ను, ఆ ఎయిర్‌బ్యాగులు మనం కొనే వేరియంట్‌లో ఉన్నాయా అన్నది అడిగి తెలుసుకోవాలి. నాకు నిజంగా బాధ కలిగించేది కంపెనీలు చేసే ముడి. ఆరు ఎయిర్‌బ్యాగులు కావాలంటే సన్‌రూఫ్ కూడా కొనాల్సిందే అన్నట్టు రక్షణను విలాసానికి కట్టి అమ్మడం అన్యాయం. గర్భాలయంలోకి వెళ్ళాలంటే ముందు గోపురానికి చందా కట్టమన్నట్టు ఉంటుంది అది. అనేక కంపెనీలు ఈ మధ్య ఆరు ఎయిర్‌బ్యాగులను కింది వేరియంట్లలో కూడా ఇస్తున్నాయి, అదే దారి.

ఈశావాస్యోపనిషత్తు మొదటి మంత్రం త్యాగంతో అనుభవించమంటుంది. అనుభవించవద్దని అది అనలేదు. ఆ మాట ప్రకారం చూస్తే రెండు ఎంపికల్లోనూ ఆశకు చోటుంది. టాప్ మోడల్ కొనేవాడు, తర్వాత కావాలనిపిస్తుందేమో అన్న భయంతో, ఇంకా పుట్టని కోరికలకు కూడా ఈఎంఐ కడతాడు. బేస్ మోడల్ కొనేవాడు పొదుపరి అనుకుంటాం, కానీ నెలకొకటి వేయించుకుంటూ పోతే యయాతి కొడుకు యవ్వనం తీసుకుని కూడా తృప్తి పడని కథే మళ్ళీ మొదలవుతుంది. అయినా రెండో దారికి నేను ఒక మెట్టు ఎక్కువ ఇస్తాను. బండితో ఒక వేసవి, ఒక వానాకాలం గడిపాక ఏది నిజంగా అవసరమో దానంతట అదే తేలుతుంది. వెనక్కి తీసేటప్పుడు ఇబ్బందిగా ఉంటే రివర్స్ కెమెరా, బురదకు మంచి మ్యాట్లు, వింటూ పోవడానికి చిన్న మ్యూజిక్ సిస్టం. అవి ఊళ్ళోనే దొరుకుతాయి, సీటు కుట్టేవాడికీ ఎలక్ట్రీషియన్‌కూ పని దొరుకుతుంది. ఫ్యాక్టరీ సరుకే మేలంటే స్థానికుల పొట్ట కొట్టినట్టు కాదా అని ఎవరైనా అడిగితే నా జవాబు ఇదే: అలంకారమంతా వాళ్ళకే ఇవ్వండి, మూలాన్ని మాత్రం వాళ్ళ మీద మోపకండి. తమ చేతిలో లేని బాధ్యత వాళ్ళ మీద పెట్టడం వాళ్ళకూ న్యాయం కాదు.

ఇంకో మాట ప్రతి ఇంట్లో వినిపిస్తుంది. రాసిపెట్టి ఉంటే ఎన్ని ఎయిర్‌బ్యాగులున్నా ఆగదు, పూజ చేయించాం, దేవుడే చూసుకుంటాడు. ఇది భక్తి మాట అనుకుంటారు గానీ మన గ్రంథాలు అంత సులువుగా ఒప్పుకోవు. అనుశాసనపర్వంలో దైవం గొప్పదా, పురుషప్రయత్నం గొప్పదా అని ధర్మరాజు అడిగితే భీష్ముడు వశిష్ఠుడికీ బ్రహ్మకూ జరిగిన సంవాదం చెబుతాడు. దున్ని విత్తని చేలో దైవం ఒక్కటే పంట పండించదని దాని సారం. ఆ సంవాదంలో బ్రహ్మను ఈ ప్రశ్న అడిగింది పాలకొల్లు పక్కనే పారే గోదావరి పాయకు పేరైన వశిష్ఠుడే. బెల్టు పెట్టుకోకుండా, ఎయిర్‌బ్యాగు మూసేసిన కవరు మీద కూర్చుని, అద్దం ముందు వేలాడే దేవుడి బొమ్మను నమ్ముకోవడం శరణాగతి కాదు. మన చేతిలో ఉన్నది మనం చేసిన తర్వాత మిగిలినదాన్ని అప్పగించడమే శరణాగతి.

కాబట్టి పెద్ద బండి బేస్ మోడలా, చిన్న బండి పై మోడలా అన్న మీమాంస వచ్చినప్పుడు, రక్షణ ఆ పై మోడల్‌లోనే పూర్తిగా ఉంటే నేను చిన్న బండి వైపే. ఒకే బండిలో అయితే రక్షణకు సంబంధించినవన్నీ ఏ వేరియంట్‌తో ముగుస్తాయో చూసి అక్కడ ఆగడం మంచిది, ఆ పైది అలంకారం. ఈ ఎంపిక మనతో ముగియదు కూడా. ఏడెనిమిదేళ్ళకు అదే బండి చేతులు మారి పోడూరులోనో ఆచంటలోనో మొదటి కారు కొనుక్కునే కుర్రవాడి దగ్గరికి చేరుతుంది. మనం వేయించిన మ్యాట్లు అప్పటికి ఉండవు, స్క్రీన్ పాతబడి ఉంటుంది. ఎయిర్‌బ్యాగులు, బండి ఉక్కు, బ్రేకులు అతనికి అందుతాయి. మనం కోసిన తీగలు కూడా అతనికే అందుతాయి, అందుకే అమ్మేటప్పుడు ఏ తీగ ఎక్కడ కోసి ఎక్కడ అతికించామో బానెట్ ఎత్తి చూపించి మరీ ఇవ్వాలి.