వంక

నెలవంకలో ఒంపు, వాగులూ వంకలూ అన్నప్పుడు నీటిపాయ, వంక పెట్టడంలో దోషం, ఏదో వంకతో వెళ్లడంలో నెపం, ఒకరి వంక చూడడంలో దిక్కు: తెలుగులో ఒకే మాట ఇన్ని అర్థాలను మోస్తున్నది. సంస్కృత 'వక్ర' శబ్దం ప్రాకృతంలో 'వంక'గా మారింది కనుక దీనిని తద్భవమని చెప్పవచ్చు. వంగు, వంచు అనే దేశ్య క్రియలు పక్కనే ఉన్నాయి కనుక వాటి ప్రమేయం లేదనడమూ కష్టమే. ఉత్తరాంధ్రలో గెడ్డ అనిపించుకునే నీటిపాయనే రాయలసీమవారు వంక అంటారు.

ఈ మాట దగ్గర ఒక తాత్త్విక చిక్కు ఉంది. భగవద్గీత పదమూడో అధ్యాయం జ్ఞానంగా లెక్కించిన గుణాల్లో ఆర్జవం, అంటే మనసు, మాట, చేత ఒకే తీరుగా ఉండే ఋజుత్వం, ఒకటి. దానికి ఎదురైన వంచన వంకరగా నడవడమనే అర్థమున్న 'వంచ్' ధాతువు నుంచి పుట్టింది. నీతి ఇంతగా తిన్నదనాన్ని కోరుతుండగా, ప్రతి కార్యానికీ ముందు తలచుకునే దేవుడు వక్రతుండుడు, వంకర తొండంవాడు, ఎందుకయ్యాడు? ముద్గల పురాణం చెప్పే ఎనిమిది గణేశావతారాల్లో మొదటివాడైన వక్రతుండుడు మత్సరాసురుణ్ణి, అంటే ఓర్వలేనితనాన్ని, అణచాడు. పరులకు వంకలు పెట్టే గుణాన్ని అణచే పని వంకర తొండానికే అప్పగించడం పురాణకర్త చమత్కారమే కావచ్చు. ఒకప్పుడు విశాఖపట్నం జిల్లాలోనూ, 2022 నుంచి అనకాపల్లి జిల్లాలోనూ ఉన్న చోడవరంలో స్వయంభూ విఘ్నేశ్వరుని మూలవిరాట్టు నడుము పై భాగమే దర్శనమిస్తుంది. విగ్రహాన్ని వెలికితీయబోతే తొండం చివర ఎంతకూ దొరకలేదని, అది దగ్గరి కోనేటి దాకా సాగిందని భక్తులు చెప్పుకుంటారు. ఆ కథలో తొండం వంపు కంటికి అందే మేర దాటి, నేల లోపలి నుంచి నీటి దాకా పోతుంది.

మహాభారతం అరణ్యపర్వంలోని అష్టావక్రుడు గర్భంలో ఉండగానే తండ్రి కహోడుని అధ్యయనానికి వంక పెట్టి, ఆయన శాపం వల్ల ఎనిమిది వంకరలతో పుట్టాడు. బాలుడిగానే జనకుని సభలో వంది అనే పండితుణ్ణి వాదంలో ఓడించి, అంతకుముందు అతని చేతిలో ఓడిన తండ్రిని విడిపించుకున్నాక, ఆయన ఆజ్ఞతో ఒక నదిలో మునగగా అవయవాలు తిన్నబడ్డాయి. ఆ నదికి సమంగ అనే పేరు వచ్చింది. సభను గెలిచింది వంకర దేహమే, తిన్నబడడం ఆ తరువాతి మాట. శాస్త్రం కోరే ఆర్జవానికి ఆకారంతో పని లేదని కథలోని ఈ వరుసే చెబుతున్నది.

ఇక నీటి వంక సంగతి. నేటి టర్కీలో మెండెరెస్ అనే నదిని గ్రీకులు మైయాండ్రోస్ అనేవారు. మెలికలు తిరిగిన ప్రతిదానికీ దాని పేరే స్థిరపడిందని ప్రాచీన భూగోళవేత్త స్ట్రాబో రాశాడు, ఇంగ్లీషు మియాండర్ అక్కడిదే. తెలుగులో నడక ఎదురు దిశలో సాగి, ఒంపు పేరు ఏటికి వచ్చింది. ఒంపు వెలుపలి గట్టును నీరు వడిగా ఒరుసుకుని కోస్తుంది, లోపలి గట్టున నెమ్మదించి ఇసుక మేట వేస్తుంది. తూర్పు కనుమల్లో పుట్టి అనకాపల్లి మీదుగా సముద్రానికి పోయే శారదా నదికైనా వర్తించే ధర్మం ఇదే. వాలు, మట్టి, వడి కలిసి దారిని అప్పటికప్పుడు తయారుచేస్తాయి కనుక, ఏటి వంకను దోషమనడానికి పోల్చి చూపే తిన్నని దారి అక్కడ ముందుగా లేదు. వంచకుడి సంగతి వేరు. తిన్నని మాట తెలిసి ఉండీ దానిని పక్కకు తిప్పుతాడు. వంక లేనమ్మ డొంక పట్టుకు వేలాడిందన్న సామెత వెక్కిరించేది ఆ నెపాన్నే, వాగును కాదు.