కొత్త కాగితం

దేవరకొండ దిక్కు ఒక ఊళ్లో ఓ జీతగాడు ఉండేవాడు. తాత పెళ్లికి తెచ్చిన రెండు బస్తాల జొన్నలకు నాగు మీద నాగు పెరిగి, మూడో తరానికి కూడా దొర కొట్టంలోనే తెల్లవారేది. ఒకనాడు సర్కారు హుకుం వచ్చింది. దొర నలుగురి ముందూ బాకీ కాగితం చింపి, "ఇగ నీ దారి నీదిరా" అన్నాడు. ఊరంతా దొరను మెచ్చుకుంది. మెచ్చుకోదా మరి, చింపడానికి ఖర్చేముంది!

మిరుగు వచ్చింది. జీతగాడికి ఎడ్లు లేవు, విత్తనం లేదు, గుంటెడు చెలక లేదు. ఇవన్నీ ఉన్న వాకిలి ఊళ్లో ఒక్కటే.

"దొరా, ఆముదాలు ఏసుకుంట. ఆ రాళ్ల చెలక పాలుకియ్యి."

"ఎందుకియ్యరా? ఇప్పుడు నువ్వు జీతగానివి కాదాయె, పాలోనివి."

పంట దొర కల్లంలోనే పడ్డది. ముందు సగం పాలు పోయింది. తర్వాత విత్తనానికి ఒకటికి ఒకటిన్నర, ఎడ్ల కిరాయి, ఎండాకాలం తిన్న జొన్నలు. పట్వారీ లెక్క కట్టేసరికి కల్లంలో మిగిలింది పొట్టు, నెత్తిన మిగిలింది బాకీ. ఈసారి కాగితం మొగుడూ పెళ్లాలిద్దరి పేరా రాశారు.

గుడిసెకొచ్చాక ఆమె బొటనవేలి సిరాను గోడకు రుద్దుకుంటూ అంది: "పాత కాగితంల నీ పేరొక్కటే ఉండె. దీంట్ల నాది గూడ ఎక్కింది."

నీతి: బాకీ కొట్టేసి భూమి ఇవ్వకపోతే బాకీ మళ్లీ పుడుతుంది.

అమెరికాలో బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లవారికి జరిగిందీ ఇదే. 1865 జనవరిలో జనరల్ షెర్మన్ ఒక్కో కుటుంబానికి 40 ఎకరాల దాకా ఇవ్వమన్నాడు. ఆ ఏడాదే ప్రెసిడెంట్ ఆండ్రూ జాన్సన్ ఆ భూముల్ని పాత యజమానులకు మళ్లించాడు. ఓటు హక్కు వచ్చింది గానీ, అంతర్యుద్ధం తర్వాతి పునర్నిర్మాణ కాలం 1877లో ముగిశాక అదీ చేజారింది. పత్తి చేలల్లో పాలు, దుకాణంలో ఖాతా మాత్రం తరాల పాటు నిలిచాయి.

మన దగ్గర నిజాం సర్కారు భగేలా (బాకీ కింద జీతం చేసే) ఒప్పందాల మీద 1936లోనే నిబంధన తెచ్చింది, వెట్టి ఆగలేదు. తెలంగాణ సాయుధ పోరాటంలో పేదలు దున్నుకున్న చెలకల్లో చాలా భాగం 1948 పోలీసు చర్య తర్వాత దొరల చేతికే పోయింది. అందుకే 1951 ఏప్రిల్ 18న పోచంపల్లి దళితులు వినోబా భావేను దయ అడగలేదు, 80 ఎకరాలు అడిగారు. ఆ ఊరి భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి వంద ఇస్తానన్నారు. అడగాల్సిందేమిటో వాళ్లకు తెలుసు. 1976 చట్టం వెట్టి బాకీలన్నిటినీ రద్దు చేసింది. కానీ చెలక లేని పాలమూరు కూలీ ఆనకట్టలకూ రోడ్లకూ మేస్త్రీ అడ్వాన్స్ తీసుకునే వలసపోయాడు. ఆ అడ్వాన్స్ తీరేదాకా పని వదిలి ఊరికి రావడానికి ఉండేది కాదు.