ఇవ్వనిది పోగొట్టుకొన్నారనుట న్యాయమా?

పిల్లలు ఇంటిభాషను విడిచిపెట్టుచున్నారని పెద్దలు తరచు వాపోవుచుందురు. ఈ ఆరోపణలో న్యాయమెంత? దూరదేశపు పల్లె యొకదాని చరిత్రతో దీనిని విచారింతము. పరుల ఇంటి తగవును నిష్పక్షపాతముగా చూడవచ్చును గదా!

ఫ్రాన్సుదేశపు పడమటి కొసన బ్రిటనీ ప్రాంతమున, సముద్రతీరము చెంత పుల్‌ద్రోజిక్ అను చిన్న గ్రామము కలదు. అచటి స్త్రీలు పూర్వము తలపై గోపురమువలె నిలుచు తెల్లని లేసు టోపీని ధరించెడివారు. వారి భాష బ్రెటన్. అది ఫ్రెంచికి శాఖ కాదు, వెల్ష్ భాషకు చుట్టము.

1914లో ఆ గ్రామమున పేదకుటుంబములో జన్మించిన పియెర్ జాకెజ్ ఎలియాస్ తన బాల్యమును 1975లో వెలువడిన గ్రంథమున వర్ణించెను. ఆ కాలపు బడులలో బ్రెటన్ మాటాడిన బాలునికి ‘ఆవు’ అనబడు ఒక గుర్తును అంటగట్టెడివారు. మాట జారిన మఱియొకనిని పట్టి యిచ్చినగాని వానికి విడుదల లేదు. సాయంకాలమునకు అది ఎవనియొద్ద మిగులునో వానికి శిక్ష.

అయితే బడి యొక్కటే దోషియా? 1951 నాటి చట్టము బ్రెటన్ బోధనకు కొంత అనుమతి నిచ్చినది. కాని రెండవ ప్రపంచయుద్ధానంతరము తల్లిదండ్రులే ఇంట పిల్లలతో ఫ్రెంచి మాటాడసాగిరి. బిడ్డల జీవనోపాధిని కోరుట తప్పు కాదు. క్రొత్తభాషను జమకట్టుటకు పాతదానిని కొట్టివేయవలెనని తలచుటయే తప్పు. ఫ్రెంచి నేర్చి ఉపాధ్యాయుడై, రెండు భాషలలోను గ్రంథములు రచించిన ఎలియాసే ఇందుకు తార్కాణము. 1954 వరకు అదే ఫ్రెంచి పాలనలో నున్న యానాములోను ఇండ్లయందు తెలుగు నిలిచినది.

నేడు ఆ లేసు టోపీలు ప్రదర్శనశాలలందు భద్రముగా నున్నవి. టోపీని పెట్టెలో దాచవచ్చును. భాషను దాచుటకు నోరు తప్ప వేరు పెట్టె లేదు. 1977లో కొందఱు భాషాభిమానులు, తల్లిదండ్రులు కలసి ‘దివాన్’ అను పేర బ్రెటన్ బడులను ప్రారంభించిరి. ఆ మాటకు మొలక యని అర్థము. ఒకప్పుడు ఒడిలో ఊరక దొరకినదానికై బడి కట్టవలసి వచ్చినది!

తన చేతికి రాని ఆస్తిని కొడుకు పాడుచేసెనని ఏ న్యాయస్థానమును తీర్పు చెప్పదు. భాష విషయమునను అంతియే. పిల్లలు మఱచిరని నిందించుటకు ముందు, వారికి మనము ఇచ్చితిమా యని ప్రతి పెద్దయు తన్ను తాను ప్రశ్నించుకొనుట ధర్మము.