గింజ ఎవరి సొత్తు?

కర్నూలు నల్లరేగడి వేసవిలో నెర్రెలు విచ్చినప్పుడు ఆ నెర్రెల్లోనే తలదాచుకునే మెట్ట ఎలుక, మెత్తని బూడిదరంగు బొచ్చుగల చిన్న జీవి, సొంతంగా లోతైన కలుగు తవ్వుకోదు. పొద మొదళ్ళు, పొలంలో పోగేసిన రాళ్ళ సందులు, పందికొక్కు విడిచిన బొక్కలు దానికి చాలు. తొలకరికి నేల ఉబ్బి నెర్రెలు పూడుకుపోతే ఇవి లెక్కలేనన్ని చనిపోతాయని, ధార్వాడ ప్రాంతపు ఇదే రకం నేలల్లో గమనించిన మద్రాసు సివిల్ సర్వీసు అధికారి వాల్టర్ ఇలియట్ 1839లో ప్రచురించిన జంతువుల పట్టికలో నమోదు చేశాడు. పందికొక్కు తీరు వేరు. కర్నూలు-కడప కాలువ కింద వరి పండే చోట అది గట్లను తొలిచి, కొరికి తెచ్చిన వెన్నులను నేల లోపలి అరల్లో దాచుకుంటుంది. అటువంటి కలుగులను తవ్వి, దొరికిన ధాన్యంతోనే వడ్డెరలు కోతల కాలం గడుపుకొనేవారని కూడా ఇలియట్ రాశాడు. రైతు గింజ కొక్కుకూ, కొక్కు గింజ వడ్డెరకూ చేరిన ఈ వరుసలో దొంగ ఎవరు?

ధాన్యం దొంగిలించినవాడు ఎలుకై పుడతాడని మనుస్మృతి పన్నెండో అధ్యాయం చెబుతుంది. శిక్షగా చూస్తే ఇది వింతైనదే, ఏ గింజకు ఆశపడి మనిషి చెడ్డాడో ఆ గింజల మధ్యకే అతణ్ణి మళ్ళీ తెచ్చి వదులుతుంది. పైగా పశుపక్ష్యాదులవి భోగయోనులు, అంటే వెనకటి కర్మఫలాన్ని అనుభవించడమే తప్ప కొత్త పాపపుణ్యాలు కూడగట్టుకోలేని జన్మలు, అన్న సిద్ధాంతాన్ని ఒప్పుకుంటే, కొక్కు ఎన్ని వెన్నులు దాచినా దానికి దొంగతనం అంటదు. భాగవతం ఏడో స్కంధంలో నారదుడు ధర్మరాజుకు గృహస్థధర్మం చెబుతూ ఈ చిక్కును మరోవైపు నుంచి విప్పుతాడు: కడుపు నిండేంత వరకే దేహికి హక్కు, అంతకు మించినది తనదనుకున్నవాడు దండనకు తగిన దొంగ, ఆ వెంటనే, కన్నబిడ్డల్లా చూడవలసిన ప్రాణుల్లో ఎలుకనూ పేరు పెట్టి చేరుస్తాడు. మనువు మాట కన్నా ఇదే బరువైనది, ఇక్కడ బోనెక్కేది గాదె నింపుకున్న మనిషి.

అయితే వాన ముఖం చాటేసిన ఏడు, కడప ఎర్రనేలలో వేరుశనగ వేసి పెట్టుబడైనా రాబట్టుకోలేని రైతు దగ్గర మిగులన్నదే ఉండదు. నారదుడి కొలతతో కొలిచినా అతడు కాపాడుకునేది తన కడుపుకు సరిపడా గింజనే కాబట్టి, ఎలుకను తరమడం, బుట్టలు పెట్టి పట్టడం అతనికి తప్పు కాదు. చిక్కంతా మందు పెట్టే తీరులో ఉంది. ఎలుక కొత్త తిండిని అనుమానిస్తుంది గనుక, ముందు 98 పాళ్ళ నూకలకు 2 పాళ్ళ నూనె పట్టించి, విషం లేని ఎరను రెండు రోజులు కలుగుల దగ్గర పెట్టి, రుచి మరిగాక మూడోనాడు జింక్ ఫాస్ఫైడు కలుపుతారు. భోగయోనిలో పుట్టిన జీవికి నమ్మకమేమిటన్న వాదం ఇక్కడ పనికిరాదు, విశ్వాసఘాతుకంలో దోషం నమ్మించినవాడి ఉద్దేశాన్ని బట్టి లెక్కకు వస్తుంది. ఆకలిగొన్న రైతుకు ఎలుకను చంపే హక్కు ఉందని ఒప్పుకున్నా, ఆ మొదటి రెండు రోజుల నూకలకు శాస్త్రంలో సమర్థన దొరకడం కష్టం.