కొరత వల్లనా, జ్ఞానస్నానం వల్లనా?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016లో వేర్వేరు జిల్లాలైనా, కతోలిక శ్రీసభ పాలనలో ఆ ప్రాంతాలు 1952లో ఏర్పడిన వరంగల్ మేత్రాసనానికి, అంటే ఒకే బిషప్పు పరిధికి, చెందినవి. మేత్రాసనంలోని ఒక్కొక్క విభాగాన్ని విచారణ అంటారు. దాని కేంద్రంలో గుడి, గురువుల నివాసం ఉంటాయి గానీ, దాని కిందికి వచ్చే పల్లెలు, తండాలు దూరదూరంగా ఉన్నచోట ప్రతి ఆదివారం అన్ని ఊళ్లలో దివ్యబలిపూజ జరగడం సాధ్యం కాదు. ఆ వెలితిని పూరిస్తూ వచ్చినవారు ఉపదేశులు. గురుపట్టం లేకుండా, సంసారం చేసుకుంటూ జనం మధ్యనే ఉండి, ప్రార్థన నడిపి, జ్ఞానస్నానానికి సిద్ధపడేవారికి సత్యోపదేశం నేర్పి, రోగులను పరామర్శించే విశ్వాసులు వీరు. ఉపదేశికి ఎంతో కొంత భృతి ముట్టవచ్చు. పాటలు నడిపేవారికి, పిల్లలకు బోధించేవారికి, గుడి ఊడ్చి అలంకరించే స్త్రీలకు అదీ ఉండదు.

ఈ సేవకు మూలం గురువుల కొరతే అయితే, గురువులు పెరిగిన రోజున దాని అవసరం తీరిపోవాలి. రెండవ వాటికన్ మహాసభ (1962–65) ఈ తర్కాన్ని అంగీకరించలేదు. జ్ఞానస్నానం పొందిన ప్రతివారికీ క్రీస్తు యాజకత్వంలో, ప్రవక్త ధర్మంలో, రాజరికంలో భాగముందనీ, గృహస్థుల, అంటే గురుపట్టం లేని విశ్వాసుల, ప్రేషితసేవ (సువార్తకు సాక్షులుగా నిలిచే పని) జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం ద్వారా క్రీస్తే అప్పగించినదనీ ఆ సభ బోధించింది. అయితే గురుపట్టంతో వచ్చే యాజకత్వానికీ విశ్వాసులందరి యాజకత్వానికీ ఉన్న భేదం స్థాయిలోనే కాదు, స్వభావంలోనే ఉందని కూడా అదే సభ చెప్పింది; అందుకే గురువు రాని ఆదివారం ఉపదేశి వాక్యప్రార్థన నడపగలడు గానీ, అప్ప ద్రాక్షారసాలను దివ్యసత్ప్రసాదంగా మార్చే బలిని అర్పించలేడు.

అసలు చిక్కు బలిపీఠం దగ్గర కన్నా నిర్ణయాల దగ్గరే ఎక్కువ. 1983 నాటి శ్రీసభ ధర్మశాస్త్రం ప్రతి విచారణకూ ఆర్థిక మండలి తప్పనిసరి అన్నది; విశ్వాసులు పాల్గొనే విచారణ పాలక మండలికి మాత్రం సలహా చెప్పే హక్కునే ఇచ్చింది, అదీ బిషప్పు అలాంటి మండలి అవసరమని తలచినచోటనే. పండుగ పందిరికీ చందా వసూలుకీ గృహస్థులను ముందు నిలిపి, ఆ సొమ్ము ఎలా ఖర్చు కావాలో తేల్చేచోట వారి మాట వింటే చాలునన్నట్లు నడవడం ధర్మశాస్త్రానికి విరుద్ధం కాకపోవచ్చు గానీ, మహాసభ బోధకు మాత్రం పొసగదు. 2021 మేలో పోప్ ఫ్రాన్సిస్ ఉపదేశి సేవను, స్త్రీలకూ పురుషులకూ సమానంగా, శ్రీసభ అధికారికంగా నియమించే పరిచర్యగా స్థాపించడం బోధకూ ఆచరణకూ మధ్య ఉన్న ఈ వెలితిని కొంత పూడ్చింది. నియామకం గౌరవాన్ని ఇస్తుంది. నిర్ణయాధికారాన్ని తనంతట తాను ఇవ్వదు.

ఇందుకు ఎదురుగా మరో ప్రమాదమూ ఉంది. గుడిలో పదవి దక్కినవారే సేవ చేస్తున్నట్లు, తక్కినవారు ప్రేక్షకులైనట్లు భావించే ధోరణి గురించి రెండవ జాన్ పాల్ పోపు 1988లోనే హెచ్చరించారు. గృహస్థుల సొంత క్షేత్రం లోకవ్యవహారమని మహాసభ బోధ గనుక, భూపాలపల్లి సింగరేణి గనిలో రాత్రి షిఫ్టు ముగించుకొని ఆదివారపు పూజకు రాలేకపోయిన కార్మికుడు తోటివాడి ప్రాణభద్రత కోసం పట్టుబట్టితే, ఆ పని విచారణ పుస్తకంలోకి ఎక్కకపోయినా, శ్రీసభ లెక్కలో ప్రేషితసేవే అవుతుంది.